పుల్ల పట్టుకుని దొడ్డంతా తిరుగు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవించి రాయునది.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే వినపడింది. వెనకాల గేదె ఒకటే అరుపు. నాకు అర్థమైనంత వరకు గొడ్ల చావిట్లోనూ కోళ్ల గూటి దగ్గరా ఈగలు ముసురుతున్నాయి, పక్కింటాయన గోడ మీదుగా రెండుసార్లు తగవుకొచ్చాడు. నువ్వేమో షాపులో ఏదో మందు సీసా తెచ్చి కొట్టావు. రెండు రోజులు తగ్గి మూడో రోజు మళ్లీ మామూలే. అమ్మాయి టెన్షన్ పడి కోళ్లు అమ్మేద్దామంటోంది. అమ్మొద్దు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ సీసా అటకెక్కించు. రేపు పొద్దున్నే మూరెడు పుల్ల ఒకటి పట్టుకుని దొడ్డంతా తిరుగు. తడిగా, మెత్తగా కనిపించిన ప్రతిచోటా గుచ్చి కెలికి చూడు. తెల్లటి పురుగులు లుకలుకలాడితే అక్కడ ఒక రాయి పెట్టు. నువ్వు రోజూ చూసే ఈగలన్నీ అలాంటి మూడు నాలుగు చోట్లే పుడుతున్నాయి. మిగతా దొడ్డంతా అవి వాలడానికే. కుడితి తొట్టి అడుగున, గాటి మూల తొక్కిడికి నలిగిన వరిగడ్డిలో, కుళాయి కారే చోట, కోళ్ల గూటి కింద తప్పకుండా చూడు. పెంటకుప్పలో నడిమధ్య వెతక్కు, అక్కడ వేడికి ఏదీ బతకదు. అంచుల్లో చూడు. అంచు పక్కన పొడి మట్టిలో ఎర్రటి గింజల్లాంటివి కనిపిస్తే అవి రేపటి ఈగలు. పురుగు ఎదిగాక పొడిచోటు వెతుక్కుంటూ పాకి వెళ్లి అలా గింజలా మారుతుంది.

లెక్క కూడా చెప్తాను, దీన్నిబట్టే పని పెట్టుకోవాలి. ఆడ ఈగ ఒక్కో విడతకి వంద, నూట యాభై దాకా గుడ్లు పెడుతుంది. అలా నాలుగైదు విడతలు. మన ఎండల్లో గుడ్డు ఒక్క రోజులో పురుగవుతుంది, నాలుగైదు రోజుల్లో గింజ కడుతుంది, మరో నాలుగు రోజులకి రెక్కలొస్తాయి. అంటే ఆదివారం పెట్టిన గుడ్డు పై వారం దాటకుండానే ఈగ. నెలకోసారి దొడ్డి బాగుచేస్తే మధ్యలో మూడు తరాలు ఎగిరిపోతాయి. అందుకని తడి పేడ, తడి గడ్డి వారానికి రెండుసార్లు తియ్యాలి. బుధవారం, ఆదివారం అనుకో, అంతే.

కోళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అప్పుడే వేసిన కోడి పెంటలో మూడొంతులు నీళ్లే. ఈగకి అంతకన్నా మంచి పురిటిల్లు లేదు. అదే పెంట ఎండి పొడైతే గుడ్డు పెట్టదు, పెట్టినా పురుగు బతకదు. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టకుండా రాలిపోవాలి. అంత ఎండితే చాలు. కాబట్టి గూడు కింద నాలుగు వేళ్ల మందాన ఊక పరిచి, రోజూ ఒకసారి ముళ్ల పారతో కెలుకు. తడి తేలినచోట పొయ్యి బూడిద చల్లు. గూడు నేల మీద ఉంటే రెండు మూడడుగులు పైకి ఎత్తించి అడుగున వల కొట్టించు, గాలి ఆడుతుంది. కొంతమంది సున్నం చల్లమంటారు. పొడి సున్నం తడిని పీలుస్తుంది, నిజమే, కానీ ఎక్కువైతే పెంటతో కలిసి కళ్లు మండే ఘాటు లేస్తుంది, కోళ్ల కాళ్లూ పాడవుతాయి. నేనైతే సున్నాన్ని మురుగు కాలవ దగ్గరే వాడతాను, గూటి కింద బూడిదే.

ఇంకోటి, నీళ్ల గిన్నె. ఎండాకాలం కోళ్లు నీళ్లు ఎక్కువ తాగి పల్చగా వేస్తాయి, దానికేం చెయ్యలేం. కానీ గిన్నె తన్ని పోసేస్తే ఆ నేలంతా ఈగలదే. గిన్నెని ఇటుక మీద, కోడి వీపు ఎత్తున పెట్టు. మేతలో ఉప్పు ఎక్కువైనా అంతే, నీళ్లు నీళ్లుగా వేస్తాయి. ఎండు చేపల పొట్టు కలుపుతున్నావేమో చూసుకో.

ఇప్పుడు నేను చేసిన తప్పు. ఒక ఏప్రిల్‌లో మీ పెదనాన్న ఊళ్లో లేనప్పుడు, నాకు పౌరుషమొచ్చి గూటి కింద పెంటంతా నేల కనబడేలా గీకి పారేశాను. రెండు వారాలకి అంతకుముందు ఎన్నడూ చూడనన్ని ఈగలు! తర్వాత గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన ఫారానికి వెళ్లినప్పుడు అక్కడొకాయన చెప్పాడు. పాత ఎండు పెంటలో చిన్న నల్ల పెంకు పురుగులు, కంటికి ఆననంత నల్లులు ఉంటాయట, ఈగ గుడ్లనీ పసి పురుగుల్నీ తినేది అవే. నేను వాటిని కూడా ఊడ్చేశాను. అప్పటి నుంచి పైన తడి తీసేసి అడుగున బెత్తెడు ఎండు పెంట ఉంచుతాను. ఒకేసారి మొత్తం తియ్యాలనుకుంటే చలికాలంలో తియ్యి.

మందు సంగతీ ఇంతే. పెంట మీద కొడితే ముందు చచ్చేది ఆ పెంకు పురుగులు. ఈగలు కొన్ని తరాల్లో మందుకి అలవాటు పడిపోతాయి. పైగా నీ కోళ్లు ఆ చచ్చిన ఈగల్నే ఏరుకు తింటాయి, ఆ గుడ్లు నువ్వు మనవడికి పెడతావు. నువ్వు కొట్టింది డైక్లోర్వాస్ అయితే మాత్రం మళ్లీ ముట్టుకోకు. 2018లోనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి 2020 డిసెంబరు 31తో వాడకం ఆపేసింది. పాత సరుకు ఎవరైనా చాటుగా అమ్మితే మనమెందుకు కొనాలి?

గేదెల దగ్గర ఉండేవి వేరే ఈగలు, ఇది గమనించావా? గేదెలు కాళ్లు నేలకేసి టపటపా కొట్టుకుంటున్నాయంటే కుట్టే ఈగ ఉన్నట్టే. చూడ్డానికి ఇంటి ఈగలానే ఉంటుంది గానీ మూతి ముందు సూదిలా పొడుచుకు ఉంటుంది, కాళ్ల మీదే వాలి రక్తం తాగుతుంది. గేదె మేత మాని కాళ్లు కొట్టుకుంటుంటే పాలెక్కడి నుంచి వస్తాయి? ఇది పుట్టేది మూత్రం, పేడ కలిసి కుళ్లిన గడ్డిలో. గేదె తినగా గాటి కింద రాల్చిన గడ్డిని రెండో పూటకల్లా తీసెయ్. పాలు తీసేటప్పుడు ఒక ఫ్యాను కాళ్ల వైపు తిప్పిపెట్టు, గాలికి ఈగ నిలవలేదు. వేపాకు పొగ మంచిదే, కానీ పొగ ఆరితే తిరిగొస్తాయి. పైగా ఆ కాసేపు అవి వెళ్లేది పక్కింటాయన దగ్గరికే.

పేడ కుప్ప నాలుగడుగుల ఎత్తున పోసి, పట్టా కప్పి, అంచుల్ని మట్టితో ఒత్తు. లోపల వేడెక్కి చెయ్యి పెట్టలేనంత అవుతుంది. వారానికోసారి తిరగేసేటప్పుడు పైదాన్ని లోపలికి వెయ్యి, ఆ వేడికి పైనున్న పురుగులన్నీ ఉడికిపోతాయి.

సీసా ఉచ్చు కావాలంటే పెట్టు. బెల్లం నీళ్లలో ఒక రొయ్య తల వేసి మూతకి చిల్లు పొడిస్తే చాలు. చావిట్లో వేలాడదియ్యకు, వాసనకి ఊళ్లో ఈగలన్నీ లోపలికొస్తాయి. దొడ్డి చివర చెట్టుకి కట్టు.

కోళ్లు పేడ కెలికి పురుగులు తింటాయి, తిననివ్వు, మా అమ్మ కాలం నుంచీ అంతే. ఈగల వల్ల వాటి పొట్టలోకి బద్దె పురుగులు రావచ్చు, ఏడాదికి రెండుసార్లు నట్టల మందు పట్టించు. కానీ చచ్చిన ఎలుకో కోడిపిల్లో ఎక్కడైనా ఉంటే ఆ పూటే లోతుగా పాతిపెట్టు. కళేబరంలో పుట్టిన పురుగుల్లో విషం చేరుతుంది, అవి తిన్న కోడికి మెడ నిలవక వాలిపోతుంది. నా కళ్ల ముందు నాలుగు పెట్టలు అలాగే పోయాయి. గేదెకి గాయమైతే కూడా రోజూ చూసుకో, ఈగ గుడ్డు పెడితే పుండులో పురుగులు పడతాయి. పడితే సొంత వైద్యం వద్దు, 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది.

పక్కింటాయనతో గొడవ పెట్టుకోకు. నున్నలో ఉంటూ మామిడి కాలంలో టెంకలూ తొక్కలూ గోడ పక్కన వెయ్యని వాళ్లెవరు? ఆయన చెత్తలోనూ పుల్ల పెట్టి చూస్తే పురుగులుంటాయి. కానీ ఆ మాట నువ్వు అనకు. నీ దొడ్డి ముందు పొడిగా చేసి, ఒక డజను గుడ్లు చేతిలో పెట్టి, ఆ మీదట కావాలంటే మెల్లగా అను.

రెండు వారాలు ఓపిక పట్టాలి, ఇప్పటికే గింజ కట్టినవి ఎలాగూ ఎగురుతాయి. వచ్చే ఆదివారం తెనాలి బస్సుకి బయల్దేరి వస్తాను, మిల్లులో రెండు బస్తాల ఊక చెప్పి ఉంచాను. తొట్టి దగ్గర కుళాయి కారుతోందని అమ్మాయి పోయిన సంక్రాంతికే చెప్పింది. నేను వచ్చేలోపు దాని వాషరు మార్పించు.

మీ పెద్దమ్మ