చూడకూడని వాళ్ళలా లాగిన్ అయ్యి చూడవే బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగం మానేశావట, నీ స్నేహితురాలితో కలిసి డయాగ్నస్టిక్ సెంటర్లకి యాప్ చేస్తున్నావట, పేషెంట్లు రిపోర్టులు ఫోన్లోనే చూసుకునేలాగ, కాకినాడలో రాజమండ్రిలో కలిపి నాలుగు ల్యాబులు అప్పుడే ఒప్పుకున్నాయట కూడా. వాడి గొంతులో సగం గర్వం, సగం భయం. నాకూ అంతే. కాకపోతే వాడి భయం వేరు, నా భయం వేరు. 2023లో వచ్చిన డేటా చట్టంలో సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా వెయ్యొచ్చని ఎక్కడో చదివి వాడు రాత్రంతా నిద్రపోలేదు. నాకు నిద్ర పట్టనిది అందుకు కాదు. ఒకళ్ళ రిపోర్టు ఇంకొకళ్ళ కంట పడుతుందేమోనని.

ఇరవై నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశానే నేను. సైబర్ టవర్స్ ఇంకా కొత్త బిల్డింగ్‌గా ఉన్న రోజుల్లో అమీర్‌పేట హాస్టల్ నుంచి రెండు బస్సులు మారి ఆఫీసుకి వెళ్ళేదాన్ని. అన్నేళ్ళలో నేను పట్టుకున్న బగ్గులు వేలల్లో ఉంటాయి, ఒక్కటీ గుర్తులేదు. పట్టుకోకుండా వదిలేసింది ఒకటి మాత్రం గుర్తుంది. అదే రాద్దామని కూర్చున్నా.

ముందు మామూలువి ఒక్క మాటలో చెప్పేస్తా. పాస్‌వర్డులు హ్యాష్ చేసి, అంటే తిరిగి చదవడానికి వీల్లేకుండా మార్చి దాచు, అడ్మిన్ లాగిన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో ఫ్యాక్టర్ పెట్టు, డేటాబేస్ బ్యాకప్ ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ పడి ఉండకుండా చూడు. ఇవి నీకు తెలిసినవే.

ఇప్పుడు తెలిసీ అందరూ మర్చిపోయేది. లాగిన్ అంటే నువ్వెవరు అని అడగడం. పర్మిషన్ అంటే ఇది నీదేనా, నువ్వు దీన్ని చూడొచ్చా అని అడగడం. మొదటి ప్రశ్న గుమ్మం దగ్గర ఒకసారి అడిగితే చాలు, రెండోది లోపల ప్రతి వస్తువు ముట్టుకున్నప్పుడల్లా అడగాలి. వెబ్ సెక్యూరిటీ చూసే ఓవాస్ప్ అనే సంస్థ వాళ్ళ టాప్ 10 ప్రమాదాల లిస్టులో ఈ యాక్సెస్ కంట్రోల్ తప్పులు, అంటే ఎవరు ఏది చూడొచ్చనే దగ్గర జరిగే తప్పులు, 2017లో అయిదో స్థానంలో ఉండేవి, 2021కి మొదటి స్థానానికి వచ్చేశాయి. టూల్స్ ఇంత బాగుపడ్డాక కూడా ఇలా ఎందుకంటే, ఈ రిపోర్టు ఎవరిదో ఏ టూల్‌కీ తెలీదు కాబట్టి. అది నీకే తెలుసు, నువ్వే రాయాలి.

సరే, ఇక నా సంగతి.

2010 అనుకుంటా. నాలుగైదు జిల్లాల్లో బ్రాంచీలున్న ఒక ల్యాబుకి రిపోర్టుల పోర్టల్ చేశాం, నేను టెస్ట్ లీడ్‌ని. అందులో ఓటీపీలు అవీ లేవు, పేషెంట్‌కి బిల్లు మీదే యూజర్ నంబర్, పాస్‌వర్డ్ ప్రింట్ అయ్యేవి. కలెక్షన్ సెంటర్ కుర్రాళ్ళకి స్టాఫ్ లాగిన్, వాళ్ళ సెంటర్‌లో తీసిన శాంపిల్స్ లిస్టు మాత్రమే కనిపించాలి. నేను మూడొందల పైచిలుకు టెస్ట్ కేసులు రాశాను, అన్నీ పాస్. అన్నీ అడ్మిన్ లాగిన్‌తోనే నడిపాను. ఎందుకంటే పేషెంట్‌గా చూడాలంటే ప్రతిసారీ కొత్త బిల్లు కొట్టి దాని పాస్‌వర్డ్ తీసుకోవాలి, అడ్మిన్‌లో అయితే డేటా అంతా ఒకేచోట ఉంటుంది, పని చకచకా అయిపోతుంది, రిలీజ్ శుక్రవారం. స్టాఫ్ లాగిన్‌తో ఒక్కసారి లోపలికెళ్ళి చూశాను, వాళ్ళ లిస్టే కనిపించింది, వేరే బ్రాంచీల మెనూ కనిపించలేదు, సరే బాగుంది అని టిక్కు పెట్టేశాను. కనిపించకపోతే లేనట్టే అనుకున్నాను చూశావా, అదే నా తప్పు. లిస్టులో లేదంతే. రిపోర్టు తెరిస్తే పైన లింకు చివర రిపోర్టు నంబర్ ఉండేది, ఆ నంబర్ మార్చి ఎంటర్ కొడితే ఏ బ్రాంచిదైనా, ఎవరిదైనా తెరుచుకునేది.

నాలుగు నెలలకి ఫోన్ వచ్చింది, ఒక పెద్దాయన ల్యాబుకి వచ్చి కదలట్లేదు, మీరు రండి అని. మేనేజరూ నేనూ వెళ్ళాం. ఆయన రిసెప్షన్‌లో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. కూతురి రిపోర్టు. థైరాయిడ్. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువుంది, ఏడు పాయింట్ ఎంతో, దాని చుట్టూ ఎవరో బాల్‌పెన్నుతో సున్నా చుట్టారు. పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటే సరిపోయేది. కానీ ఆ పిల్లకి కుదిరిన సంబంధం వాళ్ళ బంధువు ఒకడు ఒక కలెక్షన్ సెంటర్లో పని చేస్తున్నాడు, వాడు రిపోర్టు చూసి అమ్మాయికి ఏదో ఉంది, పిల్లలు పుట్టరు అని చెప్పాడట, నిశ్చితార్థం నాలుగు రోజులుందనగా వాళ్ళు తప్పుకున్నారు. ఆయన అరవలేదే బుజ్జీ. అరిచినా బాగుండేది. "మా అమ్మాయి కాగితం వాడికెలా దొరికిందండీ" అని ఒకే మాట మూడుసార్లు అడిగాడు. "చూస్తామండీ" అన్నాను నేను. నా వల్ల దొరికింది అని చెప్పలేదు. ఇన్నేళ్ళయినా ఆ మాట ఎందుకు చెప్పలేకపోయానా అనే అనుకుంటాను.

ఆ రాత్రి సర్వర్ లాగ్, అంటే ఏ లాగిన్ నుంచి ఎప్పుడు ఏం తెరిచారో రాసి ఉండేది, తీసి చూశాం. ఒక సెంటర్ లాగిన్ నుంచి రాత్రి ఎనిమిది దాటాక రిపోర్టు నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కొక్క అంకె పెంచుకుంటూ వెళ్ళాడు ఎవడో. ఆ పిల్ల శాంపిల్ ఇచ్చిన రోజు నంబర్లు. ఒక్కోదానికీ మధ్య అయిదారు సెకన్లు, పేరు చదివేంత సేపు. నలభై ఏడో లైనులో ఆ పిల్ల నంబర్. అక్కడితో ఆగిపోయింది. ఆ లైను చూసేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సరే, మనిషినైనా పట్టుకుందామంటే ఆ సెంటర్లో ముగ్గురు కుర్రాళ్ళకీ ఒకటే లాగిన్, ముగ్గురూ నేను కాదంటే నేను కాదన్నారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, మేం అసలు పట్టుకునే దారే ఉంచలేదు.

కోడ్‌లో సరిచేసింది ఎంతో తెలుసా, డేటాబేస్‌ని రిపోర్టు అడిగే క్వెరీలో ఒక్క షరతు. రిపోర్టు నంబర్ ఇదే అయ్యుండాలి అని ఉండేది, బ్రాంచి కూడా లాగిన్ అయిన వాడి బ్రాంచే అయ్యుండాలి అని చేర్చారు. పేషెంట్‌కీ అలాగే. పది నిమిషాల పని.

మా ఒక్కళ్ళకే జరిగిందా అంటే కాదు. అమెరికాలో ఫస్ట్ అమెరికన్ అని ఇళ్ళ హక్కులకి బీమా చేసే పెద్ద టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ, 2019లో బయటపడింది, లింకులో అంకె మారిస్తే ఎవరి ఇంటి కాగితాలైనా వచ్చేసేవి, అసలు లాగిన్ కూడా అడిగేది కాదు. దాదాపు 88.5 కోట్ల రికార్డులు అలా తెరిచి ఉన్నాయట. అంత పెద్ద సంస్థలోనూ అదే ఒక్క ప్రశ్న అడగడం మర్చిపోయారు.

ఇప్పుడు కొంచెం కోప్పడతాను, వినాలి. "ముందు లాంచ్ చేసేద్దాం, పర్మిషన్లు తర్వాత చూసుకోవచ్చు" అన్నావట కదా మీ నాన్నతో. అది విని నాకు ఒళ్ళు మండిందే. తర్వాత అనేది రాదు. రోజుకి రెండొందల రిపోర్టులు ఎక్కుతున్న సిస్టంలో టేబుల్స్ మార్చడానికి ఎవరికీ ధైర్యం చాలదు. పైగా మీ ఇద్దరూ ఇప్పటిదాకా అన్ని అధికారాలూ ఉన్న ఒకే సూపర్‌యూజర్ లాగిన్‌తో చూసుకుంటున్నారట. మీరు యాప్ కడుతున్న జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో సూపర్‌యూజర్‌కి ఈ పర్మిషన్ ఉందా అని ఏది అడిగినా ఉంది అనే చెబుతుంది, మీరు పర్మిషన్ తప్పు రాసినా, సగం రాసినా మీకు తేడా తెలీదు. నేను అడ్మిన్‌తో చేసిన పనే ఇది, పదిహేనేళ్ళ తర్వాత నువ్వూ చేస్తున్నావు.

కోపం వచ్చింది కానీ బుజ్జీ, ఇందులో నీకు నేను కొత్తగా చెప్పాల్సింది ఏముంది. ఆరో క్లాసు వేసవి సెలవుల్లో నీ డైరీ పిల్లలంతా తీసి హాల్లో పైకి చదివారు, నువ్వు మేడ మీద ట్యాంకు పక్కన కూర్చుని రాత్రి దాకా కిందకి రాలేదు, అన్నం కలిపి పైకి తెస్తే ముద్ద ముట్టలేదు. "అత్తా, అందులో తప్పేం రాయలేదు, అయినా వాళ్ళెందుకు చదవాలి" అన్నావు. ఆ డైరీ నా సూట్‌కేసులో పెట్టి తాళం వేసి తాళంచెవి నీకిచ్చాను, గుర్తుందా. ఆ పెద్దాయన కూతురు రిపోర్టులోనూ తప్పేం లేదు.

సరే, ఎలా చూడాలో చెప్తా. ఒక పెద్ద కాగితం తీసుకో. ఎడమవైపు మనుషులు: పేషెంటు, కలెక్షన్ కుర్రాడు, ల్యాబ్ టెక్నీషియన్, డాక్టరు, బ్రాంచి మేనేజరు, మీరు. పైన పనులు: చూడటం, దిద్దటం, తీసెయ్యటం, డౌన్‌లోడ్, ఇంకొకళ్ళకి పంపటం. ఎవరు ఏది చెయ్యొచ్చో టిక్కు పెట్టు. అందరూ టిక్కు పెట్టినవే టెస్ట్ చేస్తారు. నువ్వు ఖాళీ గళ్ళు టెస్ట్ చెయ్యి, ఒక్కో ఖాళీ గడికి ఒక్కో టెస్టు, అది ఫెయిలైతే రిలీజ్ ఆగిపోవాలి. ప్రతి రకం మనిషికీ ఇద్దరేసి ఉండాలి, ఇద్దరు పేషెంట్లు, రెండు ల్యాబులు, రెండు ల్యాబుల్లో ఇద్దరు టెక్నీషియన్లు. ఒకళ్ళతో లాగిన్ అయ్యి రిపోర్టు లింకు కాపీ చెయ్యి, ఇన్‌కాగ్నిటో విండోలో రెండోవాళ్ళతో లాగిన్ అయ్యి అది అతికించు. దొరకలేదు, 404 అని రావాలి. 403, అంటే నీకు అనుమతి లేదు అని ఇస్తే ఆ నంబర్‌తో రిపోర్టు ఉందని ఒప్పుకున్నట్టే. నంబర్ల బదులు ఎవరూ ఊహించలేని పొడుగాటి కోడ్‌లు, యూయూఐడీలు వాడుతున్నాం కదా అంటావేమో, వాడు, మంచిదే, కానీ ఆ లింకు వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయితే ఎంత పొడుగుంటే ఏం లాభం. చెకింగ్ సర్వర్లోనే జరగాలి. యాప్‌లో బటన్ దాచెయ్యడం చెకింగ్ కాదు.

పీడీఎఫ్ ఫైలు సంగతి విడిగా చూడు. పేజీకి పర్మిషన్ అంతా రాసి, ఫైలు మాత్రం క్లౌడ్ స్టోరేజీలో పబ్లిక్‌గా వదిలేస్తారు, వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసినట్టు. కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోయే లింకు ఇవ్వు. ల్యాబులో మనిషి మానేసిన రోజే వాడి లాగిన్ తీసెయ్యాలి, వాడి ఫోన్లో ఉన్న పాత టోకెన్, అంటే మళ్ళీ పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి రానిచ్చే కోడ్, ఇంకా పనిచేస్తోందేమో కూడా చూడాలి, చాలామంది అకౌంట్ ఆపేసి టోకెన్ మర్చిపోతారు. ఎవరి లాగిన్ వాళ్ళది. ఏ రిపోర్టు ఎవరు ఎప్పుడు చూశారో రాసి పెట్టు.

ఇంకొకటి, ఇది ఏ టెస్టింగ్ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు, మన ఇళ్ళు చూస్తే తెలుస్తుంది. నువ్వు ఫోన్ నంబర్‌కి ఓటీపీ పంపి రిపోర్టులు చూపిస్తానంటున్నావు. మన ఊళ్ళో ల్యాబ్ కౌంటర్లో ఆడవాళ్ళు ఎవరి నంబర్ ఇస్తారో ఎప్పుడైనా చూశావా? మొగుడిదో, కొడుకుదో, మావగారిదో. కోడలి ప్రెగ్నెన్సీ టెస్టు మావగారి ఫోన్‌కి వెళ్తుంది. కాలేజీ పిల్ల చేయించుకున్న టెస్టు తండ్రి చూస్తాడు. నంబర్ వేరు, మనిషి వేరు. ఒక నంబర్ కింద నలుగురుంటే నలుగురికీ విడివిడిగా పిన్ పెట్టు, నాది నేనే చూస్తాను అని అడిగే వీలు కౌంటర్లోనే ఇవ్వు, కావాలంటే కాగితం మాత్రమే ఇవ్వమనే వీలు కూడా. పాత నంబర్ల సంగతీ ఉంది. సిమ్ ఆపేశాక 90 రోజులు ఆ నంబర్ ఎవరికీ ఇవ్వరు, ఆ తర్వాత ఇంకొకళ్ళకి వెళ్ళొచ్చు. అందుకని చాలా రోజుల తర్వాత లాగిన్ అయితే ఓటీపీ ఒక్కటే నమ్మకు, పుట్టిన సంవత్సరమో బిల్లు నంబరో అడుగు.

ఇదంతా చదివి భయపడి మానెయ్యకు. నువ్వు చేస్తున్నది మంచి పని, మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులెక్కి రిపోర్టు కోసం కాకినాడ వచ్చే వాళ్ళని నేను రోజూ చూస్తున్నాను. నీకు చేతనవుతుంది కూడా, చిన్నప్పటి నుంచి ఏదీ సగంలో వదిలే రకం కాదు నువ్వు.

ల్యాబులకి ఇచ్చే ముందు ఒక్క వారం నాకివ్వు. ఖాళీగానే ఉన్నాను, మీ మావయ్య టీవీ చూసుకుంటుంటే నేను నీ యాప్ చూస్తాను. అడ్మిన్ లాగిన్ నాకొద్దు. ఒక కలెక్షన్ కుర్రాడి లాగిన్, వేరే వేరే ల్యాబుల పేషెంట్లవి రెండు లాగిన్లు పంపు. రెండూ పంపాలి, ఒకటి సరిపోదు.

మీ అత్త