ఇంటర్‌ఫెరాన్ వాడుతుంటే ఛాతీలో గ్రంథులు ఉబ్బాయి... క్షయా?

ప్రశ్న: హెపటైటిస్-బికి వారానికోసారి 180 మైక్రోగ్రాముల పెగ్‌ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ తీసుకుంటున్నాను. నాలుగో నెలలో పొడిదగ్గు మొదలైంది. మోకాళ్ల కింద ముందువైపు ఎర్రగా, ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డలు లేచాయి. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల దగ్గరా లింఫ్ గ్రంథులు ఉబ్బాయన్నారు. సార్కాయిడోసిస్ కావచ్చట. ఇంజెక్షన్ ఆపేయాలా?

జవాబు: మీ డాక్టరు అనుమానం సబబే. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌పైకి రోగనిరోధక కణాలను ఉసిగొల్పుతుంది. కొద్దిమందిలో ఆ కణాలే ఊపిరితిత్తుల్లో, చర్మంలో, లింఫ్ గ్రంథుల్లో గుంపుకట్టి గ్రాన్యులోమాలనే చిన్న ముద్దలవుతాయి. ఇదే సార్కాయిడోసిస్. ఇది ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో కనిపిస్తుంది, మందు ఆపేశాక బయటపడటమూ ఉంది. నీరసం, కీళ్లనొప్పులు ఇంజెక్షన్ వల్ల ఎలాగూ ఉంటాయి కాబట్టి చాలామంది దీన్ని పట్టించుకోరు. పాత గాయాల మచ్చలు కొత్తగా ఎర్రబడి ఉబ్బాయేమో చూసుకోండి, అదీ ఒక గుర్తే.

అయితే ముందు క్షయ కాదని తేలాలి. కఫం పరీక్ష, సీటీ స్కాన్, ఉబ్బిన గ్రంథి నుంచి బయాప్సీ అవసరం కావచ్చు. క్షయ గ్రాన్యులోమా మధ్యభాగం సాధారణంగా జున్నులా చితికిపోయి ఉంటుంది, సార్కాయిడోసిస్‌లో అలా ఉండదు. రక్తంలో ఏసీఈ అనే ఎంజైమ్ ఎక్కువుందని మాత్రమే నిర్ధారణకు రాకూడదు. కాలేయ జబ్బులోనూ అది పెరగవచ్చు. కాల్షియం, ఈసీజీ, కంటి పరీక్ష తప్పనిసరి. కన్ను ఎర్రబడి చూపు మసకబారినా, గుండె దడ, స్పృహ తప్పడం ఉన్నా అదే రోజు వెళ్లండి.

తర్వాతి ఇంజెక్షన్ రోజు రాకముందే కాలేయ నిపుణుణ్ని కలవండి. సార్కాయిడోసిస్ అని తేలితే సాధారణంగా ఇంటర్‌ఫెరాన్ ఆపేస్తారు. చాలామందికి అంతటితోనే కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కానీ మీ అంతట మీరు ఆపి ఊరుకోకండి: ఆపాక హెపటైటిస్-బి తిరగబడవచ్చు. ఏఎల్‌టీ (కాలేయ ఎంజైమ్), వైరస్ డీఎన్‌ఏ చూసుకుంటూ, వైరస్‌ను అణిచే ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మాత్రలకు మారాల్సి రావచ్చు.

ఊపిరి, కన్ను, గుండె దెబ్బతింటుంటే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. ఇక్కడే జాగ్రత్త! వైరస్‌ను అణిచే మాత్ర లేకుండా స్టెరాయిడ్ మొదలుపెడితే హెపటైటిస్-బి విజృంభించవచ్చు. క్షయ ఉండగా ఇస్తే అది ముదురుతుంది. డాక్టరు చెప్పకుండా విటమిన్-డి, కాల్షియం మాత్రలూ వేసుకోకండి, ఈ జబ్బులో రక్తంలో కాల్షియం దానంతటదే పెరగవచ్చు.