ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిని ఇంట్లోనే విప్పవచ్చా?

ప్రశ్న: మా పెట్రోలు కారు 2016 నాటిది. కొంతకాలంగా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణుకుతోంది, పికప్ కూడా తగ్గింది. త్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని రేకుతో నియంత్రించే భాగానికి) మసి పట్టి ఉంటుందని, ఎయిర్ ఫిల్టర్ పెట్టె, గొట్టాలు విప్పి శుభ్రం చేయాలని మెకానిక్ చెప్పారు. ఈ పనిని ఇంట్లో నేనే చేసుకోవచ్చా? ఏ వరుసలో విప్పాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చేసుకోవచ్చు, అయితే ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకోండి. బయటి గాలిని తెచ్చే గొట్టం, ఫిల్టర్ పెట్టె, అక్కడి నుంచి త్రాటిల్ బాడీ వరకు వెళ్లే రబ్బరు గొట్టం, ఈ మూడింటినీ ఓపిక ఉన్నవారెవరైనా విప్పి బిగించగలరు. త్రాటిల్ బాడీని మాత్రం ఊడదీయవద్దు. చాలా కార్లలో దాని గుండా కూలెంట్ గొట్టాలు వెళ్తాయి, విప్పితే గ్యాస్కెట్ (అతుకు దగ్గర లీకు కాకుండా వేసే పలుచని సీలు) కొత్తది వేయాలి. గొట్టం తీసేశాక అది ఉన్నచోటనే శుభ్రం చేయవచ్చు కాబట్టి ఆ శ్రమ అనవసరం. దాని వెనుక ఉండే, గాలిని సిలిండర్లకు పంచే మ్యానిఫోల్డ్ జోలికి అసలే వెళ్లవద్దు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళంచెవి తీసి, 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ తీగను ముందుగా విప్పండి. తర్వాత ఫిల్టర్ పెట్టె మీద పేరుకున్న దుమ్మును, ఎండుటాకులను బ్రష్‌తో దులపండి. చాలామంది ఈ పనిని వదిలేసి పెట్టె మూత తీస్తారు, పైనున్న చెత్త సరాసరి గొట్టంలో పడుతుంది. విప్పడం మొదలుపెట్టక ముందే ప్రతి గొట్టం, ప్రతి కనెక్టర్ ఏ దిశలో ఉందో కనబడేలా ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి.

వరుస ఇలా ఉంటుంది. ఫిల్టర్ పెట్టె మీదనో, దాని పక్క గొట్టం మీదనో గాలి సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) ఉంటే, దాని కనెక్టర్‌ను లాక్ నొక్కి పట్టుకుని ఊడదీయాలే తప్ప తీగలు పట్టి లాగకూడదు. ఏళ్ల తరబడి బానెట్ కింది వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కనుక ఇక్కడ తొందర పనికిరాదు. తర్వాత ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైనుండే మూత) నుంచి వచ్చే సన్నని గొట్టాన్ని వేరు చేయండి. ఆపైన రబ్బరు గొట్టం రెండు చివర్లలోని క్లిప్పులను వదులు చేసి, గొట్టం అంటుకుపోయి ఉంటే లాగకుండా కొద్దిగా అటూ ఇటూ తిప్పి ఊడదీయండి. ఫిల్టర్ పెట్టెకు సాధారణంగా రెండు మూడు బోల్టులు, అడుగున రబ్బరు గ్రామెట్లు (పెట్టె కదలకుండా పట్టే ముక్కలు) ఉంటాయి. బోల్టులు తీశాక పెట్టెను నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది. కింద జారిన గ్రామెట్‌ను వెతికి మళ్లీ పెట్టకపోతే పెట్టె కదులుతూ చప్పుడు చేస్తుంది.

గొట్టం తీసిన మరుక్షణం త్రాటిల్ నోటికి రంగు కొట్టొచ్చినట్లు కనిపించే పెద్ద గుడ్డను అడ్డుగా పెట్టండి. 1.2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, త్రాటిల్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు సిద్ధాంతరీత్యా 1,800 లీటర్ల గాలిని లాగుతుంది. అంత జోరులో లోపల పడిన చిన్న నట్టు కూడా సిలిండర్‌కు చేరకుండా ఆగదు. శుభ్రం చేసేటప్పుడు స్ప్రేను నేరుగా త్రాటిల్‌లోకి కొట్టకుండా గుడ్డ మీద కొట్టి, రేకు అంచులను, లోపలి గోడను తుడవండి. మోటారుతో నడిచే త్రాటిల్ రేకును వేలితో బలవంతంగా తిప్పవద్దు. గాలి సెన్సర్ లోపలి సన్నని తీగను గుడ్డతో ముట్టుకోవద్దు, దానికి కార్బ్యురేటర్ క్లీనర్ వాడవద్దు. సెన్సర్ల కోసం అమ్మే స్ప్రే వేరే ఉంటుంది.

బిగించేటప్పుడే నిజమైన జాగ్రత్త కావాలి. రబ్బరు గొట్టం మడతలను సాగదీసి చూసి, చీలిక కనిపిస్తే కొత్తది వేయించండి. ఫిల్టర్ అంచు గాడిలో సరిగ్గా కూర్చున్న తర్వాతే మూత క్లిప్పులు వేయండి. గాలి సెన్సర్ ఉన్న కారులో, దాని తర్వాత ఎక్కడైనా లీకు ఉంటే లెక్కకు రాని గాలి ఇంజిన్‌లోకి చేరుతుంది. పెట్రోలుకు గాలి బరువులో దాదాపు 14.7 రెట్లు ఉండాలన్న లెక్క తప్పి, ఐడ్లింగ్ (కారు ఆగి ఉన్నప్పటి ఇంజిన్ నడక) చెడి, ఇంజిన్ లైటు వెలగవచ్చు. కారు కంప్యూటర్‌లోని లోపాలను చదివే స్కానర్ పెడితే, పెట్రోలుకు గాలి ఎక్కువైందని చెప్పే పీ0171 కోడ్ కనిపించవచ్చు. సెన్సర్ కనెక్టర్ మరచిపోతే, గాలి సెన్సర్ సంకేతం తక్కువగా ఉందని చెప్పే పీ0102 రావచ్చు. మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని బట్టి లెక్క కట్టే కార్లలో ఈ గొట్టానికి లీకు ఉన్నా లైటు వెలగకపోవచ్చు; అది మరీ ప్రమాదం, వడపోయని దుమ్ము కనబడకుండా సిలిండర్‌ను అరగదీస్తూ ఉంటుంది.

స్టార్ట్ చేసే ముందు అడ్డు పెట్టిన గుడ్డను తీశారో లేదో చూసుకోండి. త్రాటిల్ శుభ్రం చేశాక మొదట్లో ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉండటం మామూలే. కొన్ని కార్లలో కంప్యూటర్‌కు త్రాటిల్ రేకు కొత్త స్థానాన్ని స్కానర్‌తో నేర్పించాలి. ఇంత చేసినా వణుకు తగ్గకపోతే, స్పార్క్ ప్లగ్‌లు, ఇంజిన్ మౌంటింగ్‌లు చూపించండి. తొమ్మిది పదేళ్ల కారులో మసి ఒక్కటే కారణం కావడం అరుదని నా అభిప్రాయం.

ప్రశ్న: 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు వాగు పొంగినప్పుడు మా ప్రాంతంలో చాలా కార్లు నీట మునిగాయి. మళ్లీ అలా జరిగితే, నీరు తగ్గాక ఫిల్టర్ పెట్టె విప్పి చూసుకుని కారు స్టార్ట్ చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చూడవచ్చు, స్టార్ట్ చేయవద్దు. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు; సిలిండర్‌లో నీరుండగా తాళం తిప్పితే పిస్టన్‌కు అమర్చిన కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. నీరు నిండిన ఇంజిన్‌ను తిప్పడం వల్ల కలిగిన నష్టాన్ని, ఇంజిన్ రక్షణ అదనపు కవర్ లేని పాలసీలు సాధారణంగా చెల్లించవు. అందువల్ల ఏదీ విప్పకముందే నీటి మరక కనిపించేలా ఫొటోలు తీసి, బీమా కంపెనీకి తెలియజేయండి. వారు సరేనన్నాక బ్యాటరీ తీగ విప్పి, పెట్టె మూత తీసి చూడండి. ఫిల్టర్ కాగితం తడిసినా, పెట్టె అడుగున బురద ఉన్నా, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా ఇక మీరు చేయగలిగింది లేదు. కారును లాగించి తీసుకెళ్లండి. మెకానిక్ స్పార్క్ ప్లగ్‌లన్నీ తీసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీరు బయటికి పంపాకే తాళం ముట్టుకోవాలి.