స్లాక్‌లో ఛానెల్స్ ఎక్కువైపోయాయి, ఎలా సర్దుకోవాలి?

ఆఫీసు మెసేజ్‌ల యాప్ స్లాక్‌లో, మీ టీమ్ 40 మందే అయినా ఛానెల్స్ (ఒక్కో విషయానికి ఒక్కో గ్రూపు) 110 దాటాయి, అయినా సగం మాటలు డీఎంలలోనే, అంటే మనిషికి నేరుగా పంపే ప్రైవేట్ మెసేజ్‌లలోనే, నడుస్తున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. మా ఆఫీసులో ఈ సర్దే పని నేనే చేశాను కాబట్టి చెప్తున్నా, ఛానెల్స్ లెక్క సంగతి తర్వాత, ముందు ఆ డీఎంల సంగతి చూడండి.

మా దగ్గర ఒకసారి ఇద్దరు డెవలపర్లు, మేనేజర్ కలిసి గ్రూప్ డీఎంలో ఒక రిపోర్టులో తేదీ చూపించే పద్ధతి మార్చేశారు. టెస్టింగ్ చేసే అమ్మాయి మూడు రోజులు పాత డాక్యుమెంట్ పట్టుకుని బగ్స్ రాస్తూనే ఉంది, ఒక్కొక్కటీ "ఇది మార్చుకున్నాం కదా" అనే కామెంట్‌తో వెనక్కి వచ్చేస్తోంది. చివరికి ఎక్కడ మార్చుకున్నారని అడిగితే ఒక స్క్రీన్‌షాట్ పంపారు. అందులో "సరే, అలాగే చేసేద్దాం" అని ఒక లైను, దాని కింద రెండు థంబ్స్ అప్‌లు, అంతే. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, కానీ ఆ రోజు తన ముఖం చూసి నాకు చాలా బాధేసింది.

అప్పుడు నేను చేసిన మొదటి పని తప్పు. ఒకే రోజు దాదాపు సగం ఛానెల్స్ ఆర్కైవ్ చేసేశాను, అంటే మూసి పక్కన పెట్టేశాను. ఎక్కడ అడగాలో తెలియక జనం ఇంకా ఎక్కువగా డీఎంలకి వెళ్ళిపోయారు.

పనిచేసింది పేర్లు మార్చడం. స్లాక్‌లో ఛానెల్ పేరులో స్పేస్ ఉండదు, చిన్న అక్షరాలే ఉంటాయి, కాబట్టి హైఫన్‌తో ముందు ఒక మాట తగిలించాం: టీమ్-, ప్రాజెక్ట్-, హెల్ప్-. లిస్టు అక్షర క్రమంలో ఉంటుంది కాబట్టి ఒక రకానివన్నీ ఒకచోటికి వస్తాయి. వీటిలో ప్రాణం హెల్ప్- ఛానెల్సే. పేమెంట్స్ గురించి డౌట్ ఉంటే మనిషిని వెతుక్కోకుండా హెల్ప్-పేమెంట్స్‌లో అడగడమే, ఆ వారం జవాబు చెప్పాల్సింది ఎవరో పైన టాపిక్‌లో రాసి ఉంటుంది.

అయినా కొత్తగా చేరినవాళ్ళు అందరి ముందు అడగడానికి భయపడతారు, ఇది మాత్రం సెట్టింగ్స్‌తో పోదు. మా లీడ్ తన డౌట్లు, చిన్నచిన్నవి కూడా, హెల్ప్- ఛానెల్‌లోనే అడగడం మొదలుపెట్టారు, ఎవరైనా డీఎంలో అడిగితే "ఇదే ప్రశ్న అక్కడ పెట్టండి, అక్కడే జవాబిస్తాను" అని ఓపిగ్గా ప్రతిసారీ చెప్పేవారు. రెండు నెలలు పట్టింది అలవాటవడానికి. పెద్దవాళ్ళు ఇలా చేయకపోతే మీరు ఎన్ని రూల్స్ రాసినా లాభం లేదు.

చర్చ థ్రెడ్‌లోనే (ఒక మెసేజ్ కిందే వచ్చే జవాబుల్లో) జరగాలి, తేలిన విషయం మాత్రం చివర్లో ఒక్క లైనులో, ఛానెల్‌కి కూడా పంపే టిక్ పెట్టి పంపండి, లేకపోతే థ్రెడ్ కూడా ఇంకో డీఎం అయిపోతుంది. @ఛానెల్ కొడితే ఆన్‌లైన్‌లో లేనివాళ్ళకి కూడా నోటిఫికేషన్ వెళ్తుంది, @హియర్ అయితే అప్పుడు యాక్టివ్‌గా ఉన్నవాళ్ళకే, ఈ తేడా అందరికీ చెప్పండి, రాత్రిపూట అనవసరపు టెన్షన్ తగ్గుతుంది. ఇప్పటికే ముఖ్యమైన చర్చ గ్రూప్ డీఎంలో జరిగి ఉంటే దాన్ని ప్రైవేట్ ఛానెల్‌గా మార్చుకునే వీలుంది, తర్వాత కావాల్సినవాళ్ళని కలుపుకోవచ్చు, కాకపోతే పాత మాటలన్నీ వాళ్ళకి కనిపిస్తాయి, కాబట్టి ముందు లోపల ఉన్నవాళ్ళని అడగండి.

ఇవన్నీ అలవాటయ్యాక, మూడు నెలలుగా ఎవరూ రాయని ఛానెల్స్‌ని అప్పుడు ఆర్కైవ్ చేయండి, పాత మెసేజ్‌లు సెర్చ్‌లో దొరుకుతాయి, కావాలంటే మళ్ళీ తెరవొచ్చు. మీది ఫ్రీ ప్లాన్ అయితే మాత్రం 90 రోజుల మెసేజ్‌లే కనిపిస్తాయి, నిర్ణయాలు బయట ఒక డాక్యుమెంట్‌లో కూడా రాసుకోవాల్సిందే.

110 ఒకేసారి ముట్టుకోకండి. ఈ వారం మీ టీమ్‌లో డీఎంలో ఎక్కువగా అడిగే విషయం ఏదో చూసి, దానికి ఒక్క హెల్ప్- ఛానెల్ తెరవండి, మొదటి ప్రశ్న మీరే పెట్టండి.