గ్రూప్ కలిసింది నాకు, మ్యాచ్ అయింది చెల్లెకు... ఎవరివ్వాలి?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు, బ్లడ్ క్యాన్సర్. కీమో అయింది, ఇప్పుడు మూలకణాల మార్పిడి చేయాలంటున్నారు. వాడిదీ నాదీ ఓ పాజిటివే, కానీ మ్యాచింగ్ పరీక్షలో నాకు 10కి 5 కలిశాయి. చెల్లెది బి పాజిటివ్, ఆమెకు 10కి 10. గ్రూప్ వేరైతే వాడికి ఏమన్నా అయితదేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. చెల్లె అత్తగారోళ్లు కూడా భయపడుతున్నారు.
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: డాక్టర్లు వద్దనే కారణం వేరే ఏదీ లేకపోతే చెల్లెదే మంచిది. ఇక్కడ చూసేది బ్లడ్ గ్రూప్ కాదు, హెచ్‌ఎల్‌ఏ. కణాల మీద ఉండే ఈ గుర్తులను బట్టే శరీరం తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో తేల్చుకుంటుంది. వీటి జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఉంటే, ఏ, బి, ఓ గ్రూపులను నిర్ణయించేది 9వ దాని మీద ఉంటుంది, అందుకే ఒకటి కలిసినా రెండోది కలవాలని లేదు. అమ్మ నుంచి ఒక సెట్టు, నాన్న నుంచి ఒక సెట్టు వస్తాయి కాబట్టి తోబుట్టువుల్లో పూర్తిగా కలిసే అవకాశం నలుగురిలో ఒకరికే. మీకు ఆ అదృష్టం ఇంట్లోనే దొరికింది.

కలవకపోతే ఏమవుతుందంటే, కొత్త కణాలు నిలబడకపోవచ్చు, లేదా అవే మీ తమ్ముడి చర్మం, పేగులు, కాలేయం మీద దాడి చేయొచ్చు. దీన్నే జీవీహెచ్‌డీ అంటారు. పూర్తిగా కలిసినా ఇది అసలు రాదని కాదు, ముప్పు తగ్గుతుంది. చెల్లెకు కాన్పు అయి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి, మగవాళ్లకు అలాంటి దాత కణాలతో ఈ దాడి కొంత ఎక్కువ ఉండొచ్చు, అయినా 10కి 10 కలిసిన తోబుట్టువును సాధారణంగా దానికోసం వదులుకోరు.

గ్రూప్ తేడాకు దారి ఉంది: అవసరమైతే ఎర్రకణాలు తీసేసి ఎక్కిస్తారు, కోలుకున్నాక కొన్ని నెలల్లో మీ తమ్ముడి గ్రూపే బి పాజిటివ్ అవుతుంది!

నాది పనికిరాలేదని మీరు కుంగిపోకండి. సగం మ్యాచ్‌తోనూ ఇప్పుడు మార్పిడి చేస్తున్నారు, ఎక్కించిన 3, 4 రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చి ఆ దాడిని చాలావరకు అదుపు చేస్తారు, కాబట్టి చెల్లెకు వీలుకాకపోతే మీరున్నారు.

అత్తగారోళ్లకు చెప్పండి, ఆపరేషన్ అక్కర్లేకుండానే తీయొచ్చు. నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు, తర్వాత కొన్ని గంటలు మెషిన్ మీద. ఆ రోజుల్లో ఒళ్లునొప్పులు, తలనొప్పి ఉంటాయి, తగ్గిపోతాయి. ఇచ్చిన కణాలు కొద్ది వారాల్లో మళ్లీ తయారవుతాయి. ఆమె గర్భంతో ఉంటే మాత్రం తీయరు. వీలైతే ఆమె అత్తగారిని కూడా ఈసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి, ఆమె అడగాల్సినవి ఆమెనే అడగనివ్వండి.