జడ్జీగారి కథ వద్దు బాబూ

బాబూ,

వందనాలు. యేసు మన పాపాల కోసం సిలువ మీద ఎందుకు చనిపోయాడో చెప్పాలని నువ్వు రాసిన కథ మంగళవారం అందింది. ఐదో పేజీలో జడ్జీగారు ప్రత్యక్షం కాగానే కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. దోషికి జరిమానా వేసి, తనే కోటు విప్పి కిందికి దిగొచ్చి ఆ డబ్బు కట్టేసే జడ్జీగారు! గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడింటి దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తే, ముగ్గురైనా ఈయన్ని వెంటబెట్టుకొస్తారు. నాకు అరవై తొమ్మిదేళ్లు. ఆయన నాకంటే పెద్దవాడు, ఇంకా రిటైర్ కాలేదు.

నువ్వెప్పుడైనా కోర్టు మెట్ల మీద వాయిదా కోసం కూర్చున్నావా? కూర్చుని ఉంటే ఆ కథ రాయవు.

పాతకాలపు క్రైస్తవ వేదాంతి అన్సెల్మ్ గురించి పేజీన్నర రాశావు. చదివినట్టే ఉన్నావు, కాదనను. కానీ దేవుడు మనిషెందుకయ్యాడన్న తన పుస్తకం ఆయన 1098లో ముగించేనాటికి చుట్టూ ఉన్నది దొరలు, వాళ్ల ముందు తలవంచే సామంతులు. అందుకే పాపమంటే దేవుడికి దక్కాల్సిన ఘనతను ఎగ్గొట్టడం అన్నాడు. ఆ బాకీ తీర్చాల్సింది మనిషి, తీర్చగలిగింది దేవుడొక్కడే, అందుకే దేవుడు మనిషయ్యాడు అన్నాడు. అంతకు ఎనిమిది వందల ఏళ్లకు పైగా ముందు, తొలినాళ్ల క్రైస్తవ పండితుడు ఓరిజెన్ బతికిన లోకంలో మనుషుల్ని అమ్మేవాళ్లు, వెల ఇచ్చి విడిపించేవాళ్లు. ఆయన విమోచన క్రయధనం అన్న మాట పట్టుకున్నాడు. సంఘ సంస్కర్త కాల్విన్ న్యాయశాస్త్రం చదివినవాడు, ఆయనకి సిలువ దగ్గర తీర్పూ శిక్షా కనిపించాయి. ఎవరి ఊళ్లో దొరికిన మాటతో వాళ్లు చెప్పుకున్నారు. నీ ఊళ్లో ఏం దొరికింది నీకు?

'ప్రాయశ్చిత్తం' పదకొండుసార్లు వాడావు, లెక్కపెట్టాను. ఒక్కసారైనా ఆ మాట దగ్గర ఆగావా? తెలుగులో తప్పు చేసినవాడే ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. ఉపవాసమో, దానమో, ఏట్లో మునకో, ఏదైనా వాడి ఒంటి మీదే. మనవాళ్లు బైబిలులోకి అదే మాట తెచ్చుకున్నారు. తీరా సిలువ దగ్గరికొచ్చేసరికి అది తిరగబడింది. తప్పు ఒకడిది, చేసుకున్నవాడు ఇంకొకడు. అదీ నష్టపోయినవాడే చేసుకున్నాడు! బయటివాడు వింటే ఇదేం న్యాయమని కోపం రావాలి. మనకి మాత్రం ఆదివారం ఇడ్లీలా అలవాటైపోయింది.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మాది దివిసీమ అంచున పల్లె. మా నాన్నకి ఒక రైతు దగ్గర ఆరు వందల బాకీ, ప్రో నోటు మీద. రెవెన్యూ స్టాంపు, దానిమీద మా నాన్న వేలిముద్ర, పక్కకి జరిగి మరకైన సిరా. ఉప్పెన పోయాక మా నాన్న వాయిదా అడుగుదామని వెళితే, ఆ రైతు నోటు తెచ్చి ఆయన ఎదుటే చింపేశాడు. మా అమ్మ దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. నేను సంబరపడ్డాను. సంక్రాంతి దాటాక వాళ్ల చావిడి వైపు వెళితే రెండు గుంజలు ఖాళీగా కనిపించాయి. ఎడ్లను అమ్ముకున్నాడు. నోటు చిరిగింది గాని ఆరు వందలు ఎక్కడికీ పోలేదు బాబూ. మా ఇంట్లోంచి లేచి వాళ్ల చావిట్లో కూర్చున్నాయి.

ఇదే 1983లో ఒక క్రైస్తవ పత్రికకి కథగా రాసి పంపాను. సంపాదకుడు ఎడ్లనీ గుంజలనీ కొట్టేసి, దేవుణ్ణి అప్పులిచ్చేవాడితో పోలుస్తావా అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాడు. బైబిల్లో అపొస్తలుడు పౌలు కొలస్సయులకు రాసిన ఉత్తరంలో ఏమన్నాడు? 'మనమీద ఋణముగాను మనకు విరోధముగాను నుండిన పత్రమును మేకులతో సిలువకు కొట్టి' అని కదా! పౌలు కథ పంపినా తిప్పి పంపేవాడే. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ గుంజల వల్లే, కోపిష్ఠి తండ్రి కొడుకుని కొట్టి శాంతించినట్టు నువ్వు రాసిన పేరా నాకు మింగుడుపడలేదు. క్రీస్తునందు దేవుడే లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని ఉంది, మధ్యలో మూడో మనిషిని తెచ్చి చావబాదాడని లేదు. ఎడ్లు అమ్ముకున్నది అప్పిచ్చినవాడే.

పుస్తకం వేయించమంటారా అని అడిగావు, కలం పేరు సంగతీ అడిగావు. తర్వాత చూద్దాం.

ఇంతకీ రెండోసారి ఎందుకు చదివానో చెప్పలేదు. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: 'నాన్న ప్రతి ఆదివారం గుడికొస్తాడు గాని బల్ల వేసే వేళకి చెప్పులేసుకుని బయటికెళ్లిపోతాడు.' రాసి, ఆ మనిషిని అక్కడే వదిలేసి అన్సెల్మ్ దగ్గరికి పరిగెత్తావు. ఆ నాన్న ఎవరికి ఏం బాకీ పడ్డాడు? ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె ముక్క, ఆ చిన్న గిన్నెడు రసం ముట్టుకోలేనంతగా ఆయన చేతుల్లో ఏముంది? నీకు తెలుసు. రాయడానికి భయమేసి జడ్జీని పిలుచుకున్నావు.

అన్సెల్మ్‌నీ జడ్జీగారినీ ఇంటికి పంపించేసి ఆ నాన్న వెనకాలే బయటికి వెళ్లు. చెట్టు కింద నిలబడతాడా, సైకిళ్ల దగ్గరా? లోపల పాట మొదలైతే వింటాడా, దూరంగా వెళ్లిపోతాడా? అది రాసి పంపు. వచ్చే నెల కంటి ఆపరేషన్ ఉంది, ఈలోగా అయితే నేనే చదవగలను.