డయాలసిస్ మధ్యలో హెపటైటిస్-సి.. ఎక్కడ అంటుకుందో తేల్చేదెలా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 58. రెండు కిడ్నీలూ దెబ్బతిని 14 నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. చేరినప్పుడు హెపటైటిస్-సి లేదు, ఆర్నెల్ల తర్వాత చేసినా నెగెటివే. మొన్న చేస్తే పాజిటివ్ అన్నారు. అదే షిఫ్టులో మరో ఇద్దరికీ వచ్చిందట. సెంటర్‌వాళ్లేమో ‘మా దగ్గర కాదు, బయటెక్కడో ఇంజెక్షన్ వేయించుకుని ఉంటారు’ అంటున్నారు. ఎక్కడ వచ్చిందో తేల్చే దారి ఉందా? మిషన్ వేరే ఇమ్మని అడగాలా? మందులు వెంటనే మొదలుపెట్టొచ్చా? అమ్మకు అంటుతుందా?
– ఓ పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మందులు మొదలుపెట్టొచ్చు. కానీ మొదటి మాత్ర వేసుకునేలోపు ఒక పని చేయించండి. నాన్నగారి రక్తం తీయించి దాచిపెట్టించాలి. ఇప్పటి మందులు ఎంత బాగా పనిచేస్తాయంటే, కొద్ది వారాల్లోనే రక్తంలో వైరస్ దొరకకుండా పోతుంది. మనిషికి అది మేలే కానీ, మిగతా ఇద్దరి వైరస్‌తో పోల్చి చూడటానికి ఆ తర్వాత ఏమీ మిగలదు. డయాలసిస్ మొదలవకముందే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కించకముందే రక్తం తీయాలి. వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు హెపారిన్ అడ్డుపడుతుంది, డయాలసిస్ అయ్యాక వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కొంత తగ్గి కనిపిస్తుంది. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులు రెండు తీసి, ఆరు గంటల్లోపు ప్లాస్మా వేరుచేసి మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. మెడికల్ కాలేజీ ల్యాబ్‌లో అడిగి చూడండి. దీనికి రెండు మూడు రోజులు పడితే నష్టం లేదు. దీని పేరు చెప్పి నెలల తరబడి చికిత్స ఆపడం మాత్రం తప్పు.

ఇక అసలు ఇది కొత్తగా వచ్చిందేనా అన్నది ముందు తేలాలి. పాత రిపోర్టులు తీసి, ఏ పరీక్ష చేశారో చూడండి. కార్డు పరీక్షగానీ ఎలైజాగానీ వెతికేది వైరస్‌ను కాదు, దానిపై శరీరం తయారుచేసిన యాంటీబాడీని. వైరస్ ఒంట్లో చేరాక యాంటీబాడీ కనిపించడానికి 8 నుంచి 11 వారాలు పడుతుంది. డయాలసిస్ రోగుల్లో ఇంకా ఆలస్యం కావచ్చు, కొందరిలో అసలే రాకపోవచ్చు. నేరుగా వైరస్‌నే వెతికే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అయితే ఒకటి రెండు వారాలకే పట్టేస్తుంది. చేరినప్పుడు ఆర్‌ఎన్‌ఏ చేయకుండా కార్డుతోనే సరిపెట్టి ఉంటే, జబ్బు అప్పటికే ఉందన్న వాదనకు చోటిచ్చినట్టే.

అప్పుడు అక్కరకొచ్చేది నెలనెలా చేసే ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ పరీక్ష. డయాలసిస్ రోగుల్లో ఇది మామూలుగానే తక్కువ ఉంటుంది. ఎప్పుడూ 15 దగ్గర ఉండే మనిషికి ఒక నెల 38 వచ్చిందనుకోండి, ల్యాబ్ దాన్ని ‘నార్మల్’ అనే అచ్చువేస్తుంది. ఎవరూ పట్టించుకోరు. 14 నెలల అంకెలూ ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటే, ఏ నెలలో ఎగబాకిందో కళ్లకు కడుతుంది. వైరస్ చేరిన రెండు వారాల నుంచి ఆర్నెల్ల మధ్యలో జబ్బు బయటపడుతుంది కాబట్టి, ఎగబాకిన ఆ నెల నుంచి వెనక్కి ఆర్నెల్లు లెక్కపెట్టండి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు. వెతకాల్సింది ఆ కాలంలోనే.

ఆ ఆర్నెల్లలో ఒంటికి సూది తగిలిన ప్రతి సందర్భాన్నీ దాచకుండా రాయండి. జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షన్, ఎక్కించిన సెలైన్, పంటి వైద్యం, డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్, ఎండోస్కోపీ, రక్తం ఎక్కించి ఉంటే బ్యాగు నంబరు, మంగలి షాపులో గడ్డం గీయించుకున్నా సరే. బ్యాగు నంబరుంటే బ్లడ్ బ్యాంకు ఆ దాతను మళ్లీ పరీక్షించగలదు. సెంటర్ చెప్పేదే నిజమైతే అదీ ఇక్కడే తేలుతుంది. ఒకే షిఫ్టులో ముగ్గురికీ విడివిడిగా బయటే అంటుకుందంటే నమ్మడం కష్టం. అయినా అనుమానం వేరు, రుజువు వేరు.

రుజువు దొరికేది సెషన్ రిజిస్టర్‌లో. ఏ తేదీన ఏ షిఫ్టు, ఏ కుర్చీ, ఏ మిషన్, ఎవరు కనెక్ట్ చేశారు, అంతకుముందు అక్కడ ఎవరున్నారు, పక్క కుర్చీలో ఎవరు.. ముగ్గురివీ పక్కపక్కన పెట్టి చూస్తే, ముందునుంచే హెపటైటిస్-సి ఉన్న రోగి ఒకరు ఈ ముగ్గురి తేదీల్లోనూ తగలవచ్చు. ఆ రోగి తప్పు ఇందులో ఏమీ లేదు. చేతులు, సూదులు, మందు సీసాలే ఆ రక్తాన్ని మోసుకొస్తాయి.

అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది హెపారిన్ సీసాను. మన దగ్గర మామూలుగా వాడే 5 మిల్లీలీటర్ల సీసాలో 25,000 యూనిట్లు ఉంటాయి. ఒకరికి పట్టేది కొన్ని వేలే. కాబట్టి ఒక సీసా నలుగురైదుగురికి తిరుగుతుంది. ఒక రోగి లైన్‌లోకి హెపారిన్ ఇచ్చిన సిరంజితోనే మళ్లీ సీసాలోంచి తీశారంటే పని అయిపోయినట్టే. సూది మార్చాం కదా అంటారు. సూది మారినా సిరంజి గొట్టంలోకి వెనక్కి వచ్చిన రక్తం కంటికి కనబడనంత ఉంటుంది, వైరస్‌కు అది చాలు. ఒకసారి వాడిన సిరంజిలో మిగిలిన రక్తపు తడిలో ఈ వైరస్ 63 రోజుల వరకు బతికినట్టు ప్రయోగశాలల్లో తేలింది.

అమెరికాలోని లాస్ వేగస్‌లో జరిగింది అచ్చం ఇదే. 2008 జనవరిలో కొత్తగా హెపటైటిస్-సి సోకిన ముగ్గురి వివరాలు అక్కడి ఆరోగ్యశాఖకు చేరాయి. ఏడాది మొత్తమ్మీద నాలుగు కేసులు రావడమే ఎక్కువైన ఊరది. విచారిస్తే ముగ్గురూ ఒకే ఎండోస్కోపీ క్లినిక్‌కు వెళ్లినవాళ్లే. మొదట అందరూ ఎండోస్కోపీ గొట్టాన్నే అనుమానించి ఉంటారు. తీరా చూస్తే దోషి మత్తుమందు. ఒక్కరికే వాడాల్సిన ప్రొపోఫాల్ సీసాను పలువురికి వాడారు, అదే రోగికి రెండో డోసు కావాల్సి వస్తే సూది మాత్రమే మార్చి పాత సిరంజినే సీసాలోకి దించారు. కేసులు 2007 జులై 25, సెప్టెంబర్ 21 అనే రెండు తేదీల చుట్టూ చేరాయి. చివరికి 60 వేల మందికి పైగా పాత రోగులను పరీక్షలు చేయించుకోమని పిలవాల్సి వచ్చింది.

డయాలసిస్ గదిలో మిగతా దారులూ ఉన్నాయి. షిఫ్టు మారే హడావుడిలో గ్లౌజులు మార్చకుండా ఒకరి దగ్గర్నుంచి మరొకరి దగ్గరికి వెళ్లడం, ప్రెషర్ లైన్‌కు ఉండే చిన్న ఫిల్టర్ రక్తంతో తడిసినా మార్చకపోవడం, మందుల ట్రాలీని కుర్చీ కుర్చీకీ తిప్పడం, కుర్చీ చేతులను బ్లీచ్‌తో తుడవకపోవడం, రక్తాన్ని వడకట్టే డయలైజర్లను కడిగి మళ్లీ వాడేటప్పుడు వాటి మీది రోగుల పేర్లు తారుమారవడం. ఆరిన రక్తపు మరకలోనూ ఈ వైరస్ ఆరు వారాల వరకు నిలవగలదు.

మిషన్ సంగతి అడిగారు కదా, వేరే మిషన్ కోసం పోట్లాడకండి. వేరే మిషన్, వేరే గది కావాల్సింది హెపటైటిస్-బి రోగులకు. సి విషయంలో అంతర్జాతీయ కిడ్నీ వైద్య మార్గదర్శకాలు దాన్ని సిఫారసు చేయవు. మిషన్‌ను వేరు చేసి, అదే చేతులు, అదే ట్రాలీ తిరుగుతుంటే ప్రయోజనం సున్నా. అడగాల్సింది హెపారిన్‌ను రోగుల కుర్చీలకు దూరంగా, శుభ్రమైన చోట, ఒక్కొక్కరికి కొత్త సిరంజితో తీస్తున్నారా అని.

వైరస్ ఏ రకమో చెప్పే జీనోటైప్ రిపోర్టు చూసి తొందరపడొద్దు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది జీనోటైప్ 3. ముగ్గురికీ 3 వచ్చినా దానివల్ల తేలేది తక్కువ. వేరువేరు వస్తే మాత్రం మూలం ఒకటి కాదని తెలిసిపోతుంది. బంధుత్వం తేలాలంటే వైరస్‌లో వేగంగా మారిపోయే జన్యుభాగాన్ని చదవాలి, సెంటర్‌తో సంబంధం లేని చుట్టుపక్కల రోగుల వైరస్‌తోనూ పోల్చాలి. పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ లాంటి చోట్ల చేసే పని ఇది. విడిగా మీరు పంపేకంటే ఆరోగ్యశాఖ ద్వారా వెళ్లడమే దారి.

అందుకే మూడు కుటుంబాలూ కలిసి జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద రసీదు తీసుకోండి. అందులో రెండు విషయాలు స్పష్టంగా అడగండి. ఒకటి, సెంటర్‌లోని రోగులందరికీ, యాంటీబాడీ నెగెటివ్ ఉన్నవాళ్లకూ, వేరే చోటికి మారిపోయినవాళ్లకూ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. రెండు, ఆ ఆర్నెల్ల సెషన్ రిజిస్టర్‌తో పాటు సిరంజిలు, హెపారిన్ సీసాల స్టాకు రిజిస్టర్. నెలకు 900 సెషన్లు చేసి 500 సిరంజిలే ఖర్చు రాసి ఉంటే ఇంకెవరినీ ప్రశ్నించక్కర్లేదు. నాన్నగారి కేసు కాగితాలు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన ఉంది, అది వాడుకోండి.

చికిత్స ఉచితమే. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఇస్తారు. సోఫోస్బువిర్ 400 మి.గ్రా.తో డాక్లటాస్విర్ 60 గానీ, వెల్పటాస్విర్ 100 గానీ, రోజుకోసారి 12 వారాలు. డయాలసిస్ రోగులకూ ఇవ్వొచ్చు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. లివర్ గట్టిపడి ఉంటే చికిత్స పద్ధతి మారుతుంది, అది డాక్టర్ చూస్తారు. మొదలుపెట్టేముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. సి తగ్గుతున్నప్పుడు దాగి ఉన్న బి విజృంభించవచ్చు. గుండె లయకు అమియోడరోన్ వాడుతుంటే ముందే చెప్పాలి, సోఫోస్బువిర్‌తో కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోతుంది.

అమ్మగారికి ఒకే కంచంలో తిన్నంత మాత్రాన, పక్కన పడుకున్నంత మాత్రాన రాదు. రేజరు, గోళ్ల కత్తెర, టూత్‌బ్రష్ వేరుగా ఉంచండి. ఫిస్టులా దగ్గర రక్తం కారితే చేతులకు గ్లౌజులు వేసుకోమనండి. ఆమెకు ఒకసారి పరీక్ష చేయిస్తే సరిపోతుంది.

మందులు ఆపిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్ వస్తే నయమైనట్టు. యాంటీబాడీ మాత్రం తర్వాత కూడా పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఇక మీదట ఆర్నెల్లకోసారి ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చేయించాలి. ఒకసారి తగ్గినా మళ్లీ సోకవచ్చు, దీనికి టీకా లేదు. సెంటర్ మారితే ఆ నెగెటివ్ రిపోర్టును ఫైలు మొదటి పేజీలో పెట్టండి, లేకపోతే కార్డు పరీక్షలో పాజిటివ్ చూసి ‘మేం చేర్చుకోం’ అంటారు.